విదేశీ బాండ్ ఫండ్లు: ఆయనది ఒక మాట, నాది ఒక మాట

ప్రశ్న: మా ఇద్దరి ఉద్యోగాలూ ఇంకో నాలుగేళ్లే. జీతాలు, ఖర్చులు, రేపు రాబోయే పెన్షన్ అన్నీ డాలర్లలోనే. పొదుపులో సగం షేర్ల ఫండ్లలో, సగం డాలర్ బాండ్ల ఫండ్లలో ఉంది. బాండ్ల భాగంలోంచి కొంత తీసి విదేశీ బాండ్లలో పెడదామనుకుంటున్నాం. సలహాదారు రెండు ఫండ్లు చూపించారు. ఒకటి అంతర్జాతీయ బాండ్ ఫండ్, రాబడి మూడు శాతం దగ్గర ఉంది. రెండోది ఎమర్జింగ్ మార్కెట్ (అంటే వర్ధమాన దేశాల) బాండ్ ఫండ్, రాబడి ఏడు శాతం. "రెండూ బాండ్లే, రెండూ ప్రభుత్వాలే ఇచ్చేవి, మరి ఏడు వదిలేసి మూడు తీసుకోవడం దేనికి?" అంటారు మా వారు. నాకేమో ఆ దేశాల జాబితా చూస్తేనే టెన్షన్. అభివృద్ధి చెందిన దేశాలైతే భయం ఉండదని నా అభిప్రాయం. వాదించుకుని వాదించుకుని చివరికి చెరి సగం పెట్టేద్దామని రాజీకొచ్చాం. ఇది సరైన పనేనా?

సమాధానం: రాజీ మీ ఇంట్లో ప్రశాంతతకు మంచిదే గానీ, డబ్బు విషయంలో నేను దీన్ని ఒప్పుకోను. మీరిద్దరూ ఒకే వస్తువుకు రెండు ధరలు చూస్తున్నట్టు వాదించుకుంటున్నారు. ఆ రెండు ఫండ్లూ చేసే పనులే వేరు. ఏది ఏ పనికి వస్తుందో తేలితే చెరి సగం అన్న ప్రశ్నే రాదు.

ముందుగా ఆ మూడు, ఏడు అనే అంకెల సంగతి చూద్దాం. వాటిని అలా పక్కపక్కన పెట్టి చూపించడమే పొరపాటు.

అంతర్జాతీయ బాండ్ ఫండ్ అంటే సాధారణంగా జపాన్, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, బ్రిటన్, కెనడా లాంటి దేశాల ప్రభుత్వ బాండ్లు, వాటితోపాటు కొన్ని పెద్ద కంపెనీల బాండ్లు. అవి యెన్లలో, యూరోల్లో, పౌండ్లలో ఉంటాయి. మీ ఖర్చు డాలర్లలో. అందుకని ఇలాంటి ఫండ్లలో చాలావాటికి కరెన్సీ హెడ్జింగ్ ఉంటుంది. అంటే ఫండ్ వాళ్లు ముందస్తు ఒప్పందాలు చేసుకుని, మారకం విలువలో వచ్చే ఎగుడుదిగుడులు మీదాకా రాకుండా చూస్తారు. ఈ హెడ్జింగ్‌ వల్ల ఖర్చే అవుతుందని చాలామంది అనుకుంటారు. అది ఒక్కోసారి ఆదాయం కూడా తెస్తుంది. డాలర్ మీద స్వల్పకాలిక వడ్డీ నాలుగు శాతం, యూరో మీద రెండు శాతం ఉన్నాయనుకోండి. ఆ తేడా రెండు శాతం దాదాపుగా హెడ్జింగ్ చేసిన డాలర్ మదుపరికి కలిసొస్తుంది. అప్పుడు రెండున్నర శాతం ఇచ్చే జర్మన్ బాండ్ మీ చేతికి వచ్చేసరికి నాలుగున్నర శాతం బాండ్ లాగా పనిచేస్తుంది. జపాన్ బాండ్ విషయంలో ఈ తేడా చాలాసార్లు ఇంకా ఎక్కువ. వడ్డీల తేడా మారితే ఈ లాభమూ మారుతుంది. డాలర్ వడ్డీ యూరో వడ్డీ కన్నా కిందికి పోతే అప్పుడు మీరే ఎదురు కట్టాలి. కాగితం మీద ముద్రించిన ఆ మూడు శాతంలో చాలాసార్లు ఈ లెక్క కలపరు. కాబట్టి మీ వారు "నాలుగు శాతం వదులుకుంటున్నాం" అని బాధపడుతున్నారు గానీ, అసలు తేడా అందులో సగమే అయ్యుండవచ్చు.

ఇక ఏడు. దీన్ని కాస్త విప్పి చూడాలి.

ఎమర్జింగ్ మార్కెట్ బాండ్ ఫండ్ అన్న పేరు కింద కనీసం రెండు రకాలున్నాయి. ఆయా ప్రభుత్వాలు డాలర్లలో చేసిన అప్పుల మీద నడిచేవి ఒక రకం. వాళ్ల సొంత కరెన్సీలో చేసిన అప్పుల మీద నడిచేవి రెండో రకం. కంపెనీల బాండ్లకు విడిగా ఇంకో రకం ఉంది గానీ దాన్ని ప్రస్తుతానికి వదిలేద్దాం. మీ సలహాదారు ఏది చూపించారో మీ ఉత్తరంలో లేదు. అది తెలియకుండా ఒక్క డాలరు కూడా పెట్టవద్దు.

డాలర్ రకానికి ఓ చరిత్ర ఉంది. 1982 ఆగస్టులో మెక్సికో తన విదేశీ అప్పులు తీర్చలేనని చేతులెత్తేసింది. దాని వెనకే లాటిన్ అమెరికా దేశాలు వరసగా అదే దారి పట్టాయి. ఆ అప్పులన్నీ అప్పట్లో పెద్ద పెద్ద బ్యాంకుల పుస్తకాల్లో ఇరుక్కుపోయాయి. 1989లో అమెరికా ఆర్థిక మంత్రి నికొలస్ బ్రేడీ ఒక పథకం తెచ్చారు. బ్యాంకులు కొంత అప్పు వదులుకోవాలి, మిగిలినదాన్ని కొనడానికీ అమ్మడానికీ వీలయ్యే బాండ్లుగా మార్చుకోవాలి. ఆ బాండ్లకు బ్రేడీ బాండ్లనే పేరు వచ్చింది. ఈరోజు మీకు చూపించిన ఫండ్ తరహా మార్కెట్ పుట్టింది అలాగే, మొండి బాకీల్లోంచి. అప్పటికీ ఇప్పటికీ చాలా మారింది, కాదనను. కానీ ఆ అదనపు వడ్డీ ఎందుకు ఇస్తున్నారన్న ప్రశ్నకు జవాబు మాత్రం పెద్దగా మారలేదు.

మీ ఇద్దరి వాదనకూ సరిపోయే ఉదాహరణ ఒకటి 2017లోనే దొరుకుతుంది. ఆ ఏడాది రెండు దేశాలు వందేళ్ల గడువుతో బాండ్లు అమ్మాయి. జూన్‌లో అర్జెంటీనా 275 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మింది. వడ్డీ 7.125 శాతం. వంద డాలర్ల బాండ్‌ను దాదాపు తొంభైకే ఇవ్వడంతో కొన్నవాళ్లకు పడే రాబడి ఎనిమిది శాతానికి దగ్గరగా వచ్చింది. సెప్టెంబరులో ఆస్ట్రియా 350 కోట్ల యూరోల బాండ్లు అమ్మింది. వడ్డీ 2.1 శాతం. మీ వారైతే అర్జెంటీనాది కొనేవారు, మీరైతే ఆస్ట్రియాది.

అర్జెంటీనా 2020లో ఎగవేసింది. వందేళ్ల బాండ్‌కు మూడేళ్లు కూడా నిండలేదు. ఆ ఆగస్టులో అప్పులిచ్చినవాళ్లతో కుదిరిన ఒప్పందంలో పాత బాండ్లకు బదులు తక్కువ వడ్డీ ఇచ్చే కొత్త బాండ్లు చేతిలో పెట్టారు. వాటి విలువను డాలరుకు సుమారు 55 సెంట్లుగా లెక్కకట్టారు. అంతకుముందు 2001లోనూ, 2014లోనూ ఆ దేశం ఎగవేసి ఉంది. అది తెలిసే కొన్నారు జనం. ప్రపంచమంతా వడ్డీలు అడుగంటిన రోజుల్లో ఎనిమిది శాతం అనేసరికి వెనకటి సంగతులు గుర్తు రాలేదు.

ఇంతవరకు వింటే మీరే గెలిచారనిపిస్తుంది. ఆస్ట్రియా సంగతి కూడా చూడండి. ఆ దేశం ఒక్క వాయిదా కూడా తప్పలేదు. 2019 ఆగస్టుకల్లా వంద యూరోల ఆ బాండ్ ధర 200 దాటింది, కొన్నవాళ్ల పెట్టుబడి రెట్టింపైంది. తర్వాత సరుకుల ధరలు మండిపోయాయి, యూరోపియన్ కేంద్ర బ్యాంకు 2022 జూలై నుంచి వడ్డీలు పెంచుతూ పోయింది. కొత్త బాండ్లు ఎక్కువ వడ్డీ ఇస్తుంటే తక్కువ వడ్డీ పాత బాండ్‌ను ఎవరూ పాత ధరకు కొనరు. 2023 అక్టోబరుకు అదే బాండ్ 70 యూరోల లోపుకి జారిపోయింది. శిఖరం మీద కొన్నవాళ్లకు మూడింట రెండొంతుల సొమ్ము కరిగిపోయింది. ఎగవేత లేదు, గొడవ లేదు, ప్రపంచంలోకెల్లా భద్రమైన ప్రభుత్వాల్లో ఒకటి. అయినా నష్టం అర్జెంటీనాకు తీసిపోలేదు. కాబట్టి "అభివృద్ధి చెందిన దేశాలైతే భయం ఉండదు" అన్న మీ మాట సగమే నిజం. అప్పు తిరిగి వస్తుందా అన్న భయం అక్కడ తక్కువ. వడ్డీ రేట్లు పెరిగితే ధర పడుతుందన్న భయం మాత్రం ఎక్కడైనా ఒకటే. గడువు ఎంత దూరమైతే ఆ దెబ్బ అంత గట్టిగా తగులుతుంది.

ఈ దెబ్బను కొలవడానికి డ్యూరేషన్ అనే అంకె చూస్తారు. ఫండ్ డ్యూరేషన్ ఏడేళ్లయితే, వడ్డీ రేట్లు ఒక శాతం పెరిగినప్పుడు ఫండ్ విలువ దాదాపు ఏడు శాతం తగ్గుతుంది. మీకు చూపించిన లాంటి ఫండ్లలో, రెండు రకాల్లోనూ, డ్యూరేషన్ సాధారణంగా ఆరేడేళ్ల దగ్గర ఉంటుంది. 2022లో రెండు రకాలూ రెండంకెల శాతం నష్టపోయాయి. మీరు డబ్బు వాడుకోవడం మొదలుపెట్టేది నాలుగేళ్లలో. ఈ లెక్క మీ ఇద్దరి దృష్టికీ రాలేదని ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది. ఏ దేశం అని తగువుపడే ముందు, ఎన్నేళ్లు అని అడగాల్సింది.

కరెన్సీ దగ్గరికి మళ్లీ వస్తాను. నా అనుభవంలో మదుపరులు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. ఎమర్జింగ్ మార్కెట్ ఫండ్ సొంత కరెన్సీ రకం అయితే సాధారణంగా హెడ్జింగ్ ఉండదు. ఎందుకంటే ఆ దేశాల్లో వడ్డీ ఎక్కువ, హెడ్జింగ్ చేస్తే ఆ ఎక్కువ వడ్డీలో పెద్ద భాగం అక్కడే పోతుంది. టర్కీ లీరా 2013 మొదట్లో డాలరుకు రెండు లోపే ఉండేది. 2023 చివరికి ముప్పైకి చేరువైంది. టర్కీ ప్రభుత్వం లీరా బాండ్ల మీద వడ్డీ కడుతూనే వచ్చింది. డాలర్లలో లెక్క చూసుకునేవాళ్లకు ఆ వడ్డీ ఏ మూలకూ రాలేదు. ఫండ్ ఫ్యాక్ట్‌షీట్‌లో, అంటే దాని వివరాల పత్రంలో, "రాబడి" అని రాసిన చోట ఇలాంటి నష్టం కనిపించదు. అక్కడ ఉండేది బాండ్ మాటిచ్చిన వడ్డీ మాత్రమే.

ఇది పేద దేశాల జబ్బు అనుకోవద్దు. జపాన్ యెన్ 2012లో డాలరుకు 80 దగ్గర ఉండేది. 2024 జూలైకి 160 దాటింది. హెడ్జింగ్ లేని ఫండ్‌లో జపాన్ బాండ్లు పెట్టుకున్నవాళ్లు, అసలే సున్నాకి దగ్గర వడ్డీ తీసుకుంటూ, కరెన్సీలో సగం పోగొట్టుకున్నారు. అందుకే అంతర్జాతీయ ఫండ్ ఎంచుకునేటప్పుడు నేను మొట్టమొదట చూసేది దేశాల జాబితా కాదు, హెడ్జింగ్ ఉందా లేదా అన్నది. హెడ్జింగ్ లేకపోతే ఆ ఫండ్ ఎగుడుదిగుడుల్లో ఎక్కువ భాగం కరెన్సీదే, బాండ్లది తర్వాత. మదుపు మీద మదుపరికి ఉండాల్సిన నిబ్బరం అలాంటి ఫండ్‌లో దొరకదు. ఖర్చులు డాలర్లలో ఉన్నవాళ్లు, అందులోనూ నాలుగేళ్లలో వాడుకోబోయేవాళ్లు, దాని జోలికి పోకపోవడమే మేలని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు విషయం. ఎమర్జింగ్ మార్కెట్ బాండ్లు అదనపు వడ్డీ ఇస్తాయి, దాంట్లో కొంత ఎగవేతలకు పోతుంది. ఊహకు ఒక లెక్క వేసుకుందాం. ఏడాదిలో ఫండ్‌లోని బాండ్లలో నూటికి మూడు ఎగవేతకు గురై, వాటిలో సగం తిరిగి వచ్చిందనుకుంటే, మీ ఏడులోంచి ఒకటిన్నర పోయినట్టే. మిగిలిన అయిదున్నర కూడా బాగానే ఉందనిపిస్తుంది. ఈ నష్టం ఏటా ఇంత అని సమానంగా వస్తే నేనూ అదే అనేవాణ్ని. అలా రాదు. ఏళ్ల తరబడి ఏమీ జరగదు, వచ్చినప్పుడు అంతా ఒక్కసారే వస్తుంది. 2020లో లెబనాన్, అర్జెంటీనా, జాంబియా. 2022లో శ్రీలంక, ఘనా. అంతకంటే ముఖ్యం, ఆ రోజుల్లోనే మీ షేర్లు కూడా పడి ఉంటాయి. 1998 ఆగస్టులో రష్యా రూబుల్ అప్పులు కట్టనని ప్రకటించినప్పుడు ఆ దెబ్బ రష్యాతో ఆగలేదు, వర్ధమాన దేశాలన్నిటి బాండ్లూ కుదేలయ్యాయి, షేర్ మార్కెట్లూ వణికాయి. 2008లో అంతే. 2020 మార్చిలో అంతే. భయపడ్డ మదుపరి ముందు అమ్మేసేది ఇలాంటివాటినే.

2013 మే నెలలో అయితే ఎగవేతే లేదు. అమెరికా కేంద్ర బ్యాంకు అధ్యక్షుడు బెన్ బెర్నాంకీ, బాండ్ల కొనుగోళ్లు తగ్గించే ఆలోచన ఉందని ఒక మాటన్నారు. ఆ మాటకే బ్రెజిల్, ఇండియా, ఇండోనేషియా, దక్షిణాఫ్రికా, టర్కీల నుంచి డబ్బు పరుగులు తీసింది. తప్పు ఆ దేశాల్లో పుట్టకపోయినా దెబ్బ అక్కడ పడింది.

ఇంకోటి కూడా ఉంది. 2022లో రష్యా చెల్లింపులు ఆగిపోయింది కట్టడానికి డబ్బు లేక కాదు. అప్పు తక్కువ, విదేశీ నిల్వలు బోలెడు. యుద్ధం, ఆంక్షలతో చెల్లింపుల దారులే మూసుకుపోయాయి. ఆ ఏడాది మార్చి 31న అమెరికా బ్యాంకు జేపీ మోర్గాన్ తన బాండ్ ఇండెక్స్‌లన్నిటిలోంచి (ఫండ్లు అనుసరించే బాండ్ల జాబితాల్లోంచి) రష్యాను తీసేసింది. అప్పటిదాకా ఆ బాండ్లు పట్టుకున్న ఫండ్లు వాటి విలువను సున్నాకి, లేదంటే దాని దరిదాపులకు తగ్గించి రాసుకున్నాయి. అప్పు తీర్చే సత్తాకు ఇచ్చే ఏ రేటింగూ ముందే చెప్పలేని ప్రమాదం అది.

మీ భద్రమైన బాండ్ల భాగం ఎందుకుంది? షేర్లు పడ్డ ఏడాది ఇల్లు గడపడానికి, పడ్డ ధరకు షేర్లు అమ్ముకోవాల్సిన అవసరం రాకుండా ఉండటానికి. మంచి రేటింగున్న, హెడ్జింగ్ చేసిన అంతర్జాతీయ బాండ్లు ఆ పని చాలావరకు చేస్తాయి. 2022 లాంటి ఏళ్లలో చేయలేవు, అది ముందే చెప్పాను. ఎమర్జింగ్ మార్కెట్ బాండ్లు ఆ పని చేయవు. వర్షంలో మూసుకుపోయే గొడుగు ఎంత చవగ్గా దొరికినా గొడుగు కింద లెక్క కాదు.

అందుకే చెరి సగం వద్దంటున్నాను. ఎమర్జింగ్ మార్కెట్ బాండ్లు పనికిరావని నా ఉద్దేశం కాదు. మీ వారి మాటలోనూ విషయముంది. ఆ దేశాల్లో చాలావాటి కేంద్ర బ్యాంకులు ఈమధ్య పెద్ద దేశాలకంటే ముందు మేలుకున్నాయి. బ్రెజిల్ 2021 మార్చిలోనే వడ్డీ పెంచడం మొదలుపెట్టి, రెండు శాతం నుంచి 2022 ఆగస్టుకు 13.75కి తీసుకెళ్లింది. అమెరికా మొదలుపెట్టింది 2022 మార్చిలో. జేపీ మోర్గాన్ డాలర్ బాండ్ల ఇండెక్స్‌లో 2019 నుంచి సౌదీ అరేబియా లాంటి సంపన్న దేశాలూ ఉన్నాయి. జేపీ మోర్గాన్‌దే ఇంకో ఇండెక్స్, సొంత కరెన్సీ రకానిది, దాంట్లోకి 2024 జూన్ నుంచి భారత ప్రభుత్వ బాండ్లు వచ్చాయి. జాబితా చూసి బెదిరిపోవాల్సినంత ఏమీ లేదు. మరోపక్క అభివృద్ధి చెందిన గ్రీస్ 2012లో ప్రైవేటు మదుపరులకు ఇవ్వాల్సినదాంట్లో సగానికి పైగా కోసేసింది. గీత అంత స్పష్టంగా ఎక్కడా లేదు.

నేను మీ స్థానంలో ఉంటే ఇలా చేస్తాను. పదవీ విరమణ తర్వాత మొదటి రెండు మూడేళ్ల ఖర్చుకు సరిపడా డబ్బును ఈ రెండు ఫండ్లకూ దూరంగా, తక్కువ గడువు డాలర్ బాండ్లలో, డిపాజిట్లలో ఉంచుతాను. ఇది ముందు. మిగిలిన బాండ్ల భాగంలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా హెడ్జింగ్ ఉన్న అంతర్జాతీయ ఫండ్‌లో పెట్టవచ్చు. మీ బాండ్లన్నీ ఒకే కేంద్ర బ్యాంకు నిర్ణయాల మీద ఆధారపడకుండా ఉండటమే దానివల్ల లాభం. పెట్టకపోయినా కొంపలు మునగవు. ఎమర్జింగ్ మార్కెట్ ఫండ్ మీద మీ వారికి నిజంగా ఆసక్తి ఉంటే, ఆ డబ్బు షేర్ల భాగంలోంచి తీయండి, మొత్తం పొదుపులో ఐదు శాతం దాటనివ్వకండి, డాలర్ రకమే తీసుకోండి. షేర్లలోంచి తీస్తే మీ మొత్తం ప్రమాదం కొంచెం తగ్గుతుంది. బాండ్లలోంచి తీస్తే పెరుగుతుంది. అదే ఫండ్, అదే మొత్తం, ఎక్కణ్నుంచి తీశారన్నదాన్ని బట్టి ఫలితం తిరగబడుతుంది.

ఖర్చుల మాట. ఇండెక్స్‌ను అనుసరించే అంతర్జాతీయ ఫండ్లలో ఏడాది ఖర్చు పదో వంతు శాతం లోపే ఉన్నవి దొరుకుతాయి. ఎమర్జింగ్ మార్కెట్‌లో అలాంటి ఫండ్లకే దానికి రెండు నుంచి నాలుగు రెట్లు, మేనేజర్ ఎంచుకుని నడిపేవాటికి ఇంకా ఎక్కువ. ఇక్కడ మాత్రం ఎక్కువ ఖర్చున్న ఫండ్‌ను వెంటనే తోసిపుచ్చను. బాండ్ ఇండెక్స్‌లో సాధారణంగా ఎవరు ఎక్కువ అప్పు చేస్తే వాళ్లకే ఎక్కువ వాటా. ఎమర్జింగ్ మార్కెట్‌లో అది ఇబ్బందికరమైన పద్ధతి. ఏ దేశానికీ పది శాతం మించకుండా పరిమితి పెట్టిన ఇండెక్స్‌లు ఉన్నాయి, మీ ఫండ్ అలాంటిదాన్ని అనుసరిస్తే సగం చింత తీరుతుంది.

సలహాదారు దగ్గరికి వెళ్లినప్పుడు రెండు ఫండ్ల ఫ్యాక్ట్‌షీట్లూ చేతికి ఇవ్వమనండి. మొదటిదాంట్లో హెడ్జింగ్ ఉందా, డ్యూరేషన్ ఎంత, హెడ్జింగ్ కలిపితే రాబడి ఎంత అని అడగండి. రెండోదాంట్లో బాండ్లు ఏ కరెన్సీలో ఉన్నాయి, పెట్టుబడి స్థాయికి (ఇన్వెస్ట్‌మెంట్ గ్రేడ్‌కు) కింద రేటింగ్ ఉన్నవి, అంటే ఎగవేత భయం ఎక్కువున్నవి, ఎంత శాతం, 2008లో, 2020 మార్చిలో ఎంత పడింది అని అడగండి. ఫండ్ అప్పటికి పుట్టి ఉండకపోతే అది అనుసరించే ఇండెక్స్ లెక్క చూపించమనండి. దేన్ని అమ్మితే ఆయనకు ఎంత కమిషన్ వస్తుందో కూడా మొహమాటపడకుండా అడగండి. మీ వారిని వెంట తీసుకెళ్లండి, ఆ పతనం అంకెలు ఆయన కళ్లతో ఆయనే చూడాలి. ఆ తర్వాత కూడా ఆయనకు ఐదు శాతం కావాలనిపిస్తే, మీరు కాదనకండి.